బేసిస్ 3లో నడిచిన స్క్రిప్టు జైబోలో ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న:
బేసిస్ 3 ఎఫ్‌పీజీఏ బోర్డు (లోపలి సర్క్యూట్‌ని మనమే మార్చుకోగల చిప్ ఉన్నది) కోసం టికిల్ భాషలో రాసుకున్న స్క్రిప్టు ఏడాదిగా బాగానే నడుస్తోంది. నిన్న ల్యాబ్‌కి జైబో జెడ్7-20 అనే ఇంకో బోర్డు వచ్చింది. దానికి తగిలిస్తే వివాడో (ఈ చిప్‌ల సాఫ్ట్‌వేర్)లో ప్రోగ్రామ్ చేసే లైను దగ్గర ఎర్రర్ కొట్టి ఆగిపోతోంది. కేబుల్ మార్చాను, డ్రైవర్ మళ్లీ వేశాను. ఎల్లుండే డెమో, టెన్షన్‌గా ఉంది. చిప్‌ని పట్టుకోవడానికి గెట్_హెచ్‌డబ్ల్యూ_డివైసెస్ ఇచ్చే చిప్‌ల జాబితాలోంచి లిండెక్స్ 0, అంటే మొదటిది, తీసుకుంటున్నాను.

జవాబు:
కేబుల్‌ని వదిలెయ్ తమ్ముడూ, తేడా అంతా ఆ సున్నాలో ఉంది. బేసిస్ 3 జేట్యాగ్ చైన్‌లో (కంప్యూటర్ చిప్‌లని ఒకదాని వెనక ఒకటిగా చేరుకునే లైను) ఉండేది ఒక్క ఆర్టిక్స్-7 ఎఫ్‌పీజీఏ, కాబట్టి ఏడాదిగా సరిపోయింది. జైబో మీది జింక్ (ప్రాసెసర్, ఎఫ్‌పీజీఏ కలిపి చేసినది) చూడ్డానికి ఒకటే చిప్, చైన్‌లో మాత్రం రెండు: ముందు ప్రాసెసర్ వైపు ఆర్మ్_డాప్_0, తర్వాత ఎఫ్‌పీజీఏ వైపు ఎక్స్‌సీ7జెడ్020_1. నీ స్క్రిప్టు బిట్ ఫైల్ (ఎఫ్‌పీజీఏలో ఎక్కించే డిజైన్) తీసుకెళ్లి ప్రాసెసర్ తలుపు కొడుతోంది.

0 తీసి 1 పెడదామనిపిస్తుంది, పెట్టకు. బేసిస్ మళ్లీ తగిలించిన రోజు అది పోతుంది. గెట్_హెచ్‌డబ్ల్యూ_డివైసెస్ పక్కన ఎక్స్‌సీ7* (పేరు ఎక్స్‌సీ7తో మొదలయ్యేవి) అని రాయి, రెండు బోర్డుల్లోనూ ఎఫ్‌పీజీఏ మాత్రమే వస్తుంది. దాన్ని కరెంట్_హెచ్‌డబ్ల్యూ_డివైస్‌కి ఇచ్చాకే ప్రోగ్రామ్.ఫైల్ సెట్ చెయ్యి.

ప్రశ్న అడిగినవారు:
చిప్ దొరికిందన్నా. అయినా ఎర్రరే... ఆగండి, కంగారులో బేసిస్ బిట్ ఫైలే ఇచ్చాను!

మరొకరి జవాబు:
అందరం చేసిన పనే అది. అందుకే నేను ఫైల్ ఎక్కించే ముందు ఐడీకోడ్ (చిప్ తానెవరో చెప్పే నంబరు) చూస్తాను. గెట్_ప్రాపర్టీతో ఐడీకోడ్_హెక్స్ అడిగితే 8 అంకెలు వస్తాయి. మొదటిది చిప్ రివిజన్, అది మారుతుంటుంది కనుక పోల్చేటప్పుడు వదిలెయ్యండి. మిగతా ఏడూ 3727093 అయితే అది జింక్ 7020. చివరి మూడు అంకెలు తయారీదారువి: 093 అంటే జైలింక్స్, 477 అంటే ఆర్మ్. వివాడో బదులు ఓపెన్ఓసీడీ అనే జేట్యాగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి స్కాన్_చైన్ కమాండ్ ఇస్తే ఇవే కనిపిస్తాయి.

ఐడీకోడ్‌లో చివరి బిట్ ఎప్పుడూ 1. అసలు ఐడీకోడే లేని చిప్ రీసెట్ తర్వాత ఒక్క 0 బిట్ ఇచ్చి ఊరుకుంటుంది. తేడా తెలియడానికే ఆ ఏర్పాటు. మొత్తం సున్నాలో, మొత్తం ఒకట్లో వస్తే మాత్రం స్క్రిప్టు జోలికి వెళ్లకండి. బోర్డుకి పవర్ ఉందా, టీడీఓ వైరు (చిప్ నుంచి డేటా బయటికొచ్చేది) తగులుతోందా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
సరైన ఫైల్ ఇచ్చాను, చిప్‌లోకి ఫైల్ ఎక్కిందని చెప్పే డన్ లైటు వెలిగింది. ఐడీకోడ్ చెక్ కూడా స్క్రిప్టులో పెట్టేశాను.