సమస్యాపూరణం: జనము లేని హాలు జాతరయగు

నిర్వాహకుడు (హనుమకొండ):
మొన్న బుధవారం సినిమా పగటి ఆటకు పోయిన. అంత పెద్ద హాల్లో మేం ఏడుగురం. నవ్వొచ్చే చోట నవ్విన, నా నవ్వు ఒక్కటే వినపడి గొంతు ఆగిపోయింది. బయటికొస్తుంటే ఈ పాదం తట్టింది. అయిదు సూర్యగణాలు, జ–జా యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం). ఆటవెలదిలో నాలుగో పాదంగా పూరించండి. 'హాలు' పద్యంలో ఇముడుతుందా అని జంకకండి. ఆటవెలది దేశి ఛందస్సు, మనది దేశి ఛందస్సుకు పట్టం గట్టిన కవి పాలకుర్తి సోమన నడిచిన నేల.

సభ్యుడు (ములుగు):
ఎచట మాట తిరిగి యెదురు పలుకుచుండు?
వనము లోన నమ్మ వచ్చు వేళ
నాల్గు నాళ్ళు జరుగునట్టి సంబరమేది?
జనము లేని హాలు, జాతరయగు.

నిర్వాహకుడు:
క్రమాలంకారం బాగా కుదిరింది. రెండు ప్రశ్నలు, అదే వరుసలో రెండు జవాబులు. చిలకలగుట్ట దిగి సమ్మక్క తల్లి గద్దెకు వచ్చే ఘడియ రెండో పాదంలో కనపడ్డది. ఒక్క మాట మాత్రం చెప్పాలె. సమస్య విడిపోయింది గని హాలు జాతర కాలేదు. హాలు ఓ పక్క, మేడారం ఓ పక్క ఉండిపోయినయి.

సభ్యుడు (డిగ్రీ విద్యార్థి, నర్సంపేట):
నమస్తే సర్. మొదటిసారి రాస్తున్న, తప్పులుంటే చెప్పండి.

విజిలు వేసి వేసి గొంతు రాసుకొనియె
కాగితాలు జల్లి కాళ్ళు నొచ్చె
ముగియ నాట, జనము మొత్తము పోయిన
జనము లేని హాలు జాతరయగు.

నిర్వాహకుడు:
తమ్మీ, గణాలన్నీ సరిపోయినయి. మొదటి పాదంలో యతి తప్పింది, 'వి'కి 'గొ' చెల్లదు. 'విజిలు వేసి వేసి వేడెక్కె గొంతుక' అను, అర్థం చెడకుండ యతి నిలుస్తది. మూడో పాదంలో, నాలుగో పాదంలో 'జనము' రెండుసార్లు పడ్డది. 'ముగియ నాట, మూక మొత్తము పోయిన' అంటే ఆ చిక్కు పోతది. ఇంకోటి, అందరూ వెళ్లిపోయినంక మిగిలేది జాతర అయిపోయిన జాగ గదా! ఆ చినిగిన కాగితాలు, అతుక్కున్న సీట్లు, చెప్పుల కింద పాప్‌కార్న్... వాటిలో ఒక్కటి పద్యంలోకి తెచ్చి ఉంటే ఖాళీ హాలు కూడా జాతరలాగే కనపడేది. మళ్లీ రాయి, ఎదురుచూస్త.

సభ్యుడు (రిటైర్డ్ ఆపరేటర్, కాజీపేట):
నాకీ పాదమే నచ్చలేదు సార్. ప్రొజెక్టర్ల వెలుగుకు కార్బన్ కడ్డీలు మండించే కాలం నుంచి బూత్‌లో ఉన్నోణ్ణి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలల్ల అయిపోయేది. రీలు తిరుగుతుంటే అద్దంల నుంచి కిందికి చూసేటోణ్ణి, తలకాయలు కనపడితేనే పని చేసినట్టు ఉండేది. 2024 మేలో మన రాష్ట్రంల సింగిల్ స్క్రీన్లు జనం రాక కొన్ని రోజులు మూసిండ్రు. ఆ గేట్ల తాళాలు చూసినోళ్లకు ఖాళీ హాలు జాతర ఎట్లయితది? అందుకే అడిగిన:

బొమ్మ పడెడు వేళ బుడతల కేకల
గోల లేక, ముందు నేల లేక
గూటి లోన నున్న కూలికి నాకెట్లు
జనము లేని హాలు జాతరయగు?

నిర్వాహకుడు:
సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత పద్ధతే గని, దాన్ని ఇంత సొంతం చేసుకున్నది మీరు. రెండో పాదంలో గోల–నేల ప్రాసయతి, అంటే మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం 'ల' కలిసింది. 'ముందు నేల' అనంగనే నేల టికెట్టు, తెర ముంగట మెడలెత్తి చూసే పోరగాండ్లు కండ్ల ముందుకొచ్చిండ్రు. 'గూటి లోన నున్న కూలి' దగ్గర నేను ఆగిపోయిన. దిద్దడానికి నాకేం లేదు.

సభ్యురాలు (పరకాల):
పెద్దాయన బాధ అర్థమైంది. నా సంగతి వేరు. మా బాబు ఆటిజం పిల్లవాడు. సినిమా అంటే ప్రాణం, చప్పట్లు మోగితే మాత్రం చెవులు మూసుకుని ఏడుస్తాడు. వారం మధ్యలో, ఎవరూ రాని ఆటకు తీసుకుపోతాను.

కేక వినిన నేడ్చు కేలు వీడడు పట్టి
పగటి యాట లోన పదుగురైన
లేని వేళ నవ్వి లేచి గంతులు వేయు
జనము లేని హాలు జాతరయగు.

నిర్వాహకుడు:
అమ్మా, హాలు నిజంగా జాతర అయ్యింది మీ పద్యంలోనే. చిన్న సవరణ. మూడో పాదం 'వేయు' దగ్గర ఆగడంతో జాతర ఎవరికన్నది అందలేదు. 'లేని వేళ గంతులిడెడి వానికి నాకు' అంటే? లే–లి యతి, గణాలు సరి, అన్వయం నేరుగా నాలుగో పాదంలోకి పోతది.

సభ్యురాలు (పరకాల):
'నాకు' అన్నమాట నేను రాయలేకపోయాను. అట్లనే ఉంచుతాను సర్.

సభ్యుడు (రిటైర్డ్ ఆపరేటర్, కాజీపేట):
బిడ్డా, ఒక మాట. మనుషుల ఒళ్లు, బట్టలు సౌండును మింగుతయి. అందుకే హాలు నిండితే మేం సౌండు పెంచేది. ఖాళీ హాల్ల అదే సౌండు గోడలకు కొట్టుకొని మోగుతది, పిల్లగానికి అది గూడ కష్టమే. ఈసారి పోయినప్పుడు ఆట మొదలుగాకముందే గేటు కాడ చెప్పు, బూత్‌ల ఉన్న పిల్లగానికి కబురు పంపమను. రెండు గీతలు తగ్గిస్తడు.