హాలీవుడ్ మ్యూజిక్ డైరెక్టర్ జేమ్స్ హార్నర్ ప్రతి సినిమాలో అదే నాలుగు నోట్స్ ఎందుకు?

ట్రాయ్ సినిమా మళ్ళీ చూశా. విలన్ గానీ ప్రమాదం గానీ వచ్చినప్పుడల్లా ట్రంపెట్లలో ఒక బిట్ వస్తది, మూడు నోట్స్ గబగబా, నాలుగోది సాగదీసి. ఇది అవతార్‌లో కూడా విన్నట్టే ఉంది, నా భ్రమా లేక నిజంగా అదేనా? ఎవరైనా చెప్పండి.

పాతకాసెట్: భ్రమ కాదు బ్రో, దాన్ని ఫ్యాన్స్ డేంజర్ మోటిఫ్ అంటారు, మోటిఫ్ అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ట్యూన్ ముక్క. విల్లో (1988), ఎనిమీ ఎట్ ద గేట్స్ (2001), ట్రాయ్ (2004), అవతార్ (2009), అన్నిట్లో ఉంది. అసలు మూలం రష్యా కంపోజర్ రఖ్మానినోవ్ మొదటి సింఫనీ, 1897లో మొదటిసారి వాయించినప్పుడు ఘోరంగా ఫెయిలైంది పాపం. విల్లో థీమ్ అయితే జర్మన్ కంపోజర్ షూమన్ మూడో సింఫనీ మొదలు పక్కన పెట్టి వినండి, మీకే తెలుస్తది.

బ్యాక్‌బెంచ్ వయొలిన్: అంటే కాపీ మాస్టరే కదా మరి. మనవాళ్ళు చేస్తే ట్రోల్ చేస్తాం, హాలీవుడ్ వాళ్ళు చేస్తే మోటిఫా?

పాతకాసెట్: ట్రోల్ చెయ్యి, నేనేం ఆపట్లా. కానీ ట్రాయ్ విషయంలో కొంచెం ఆగాలి, గేబ్రియల్ యారెడ్ అనే కంపోజర్ మొత్తం స్కోర్ (సినిమా సంగీతం) చేసేశాక స్టూడియో దాన్ని పక్కన పడేసి రిలీజ్ దగ్గర పడ్డాక హార్నర్‌ని పిలిచింది, అంత తక్కువ టైంలో ఎవరైనా చేతికి అలవాటైనవే రాస్తారు. ఎనిమీ ఎట్ ద గేట్స్‌కి మాత్రం ఆ సాకు కూడా లేదు, వాడి వాడి ఆ బిట్ పస పోయింది.

సింఫనీ సుబ్బు: మీరంతా ఆ నాలుగు నోట్స్ దగ్గరే ఆగిపోయారు. నన్నడిగితే ఆయన అసలు ముద్ర వేరే ఉంది. ఆర్కెస్ట్రా అంతా తగ్గించి ఒక్క గాలి వాయిద్యం వదిలేస్తాడు, కథ ఏ దేశందైనా సరే. బ్రేవ్‌హార్ట్ (1995) స్కాట్లాండ్ కథ, వాడింది ఐర్లాండ్ వాళ్ళ ఇలియన్ పైప్స్ (ఒక రకం బ్యాగ్‌పైప్), టైటానిక్‌లోనూ (1997) అవే. విల్లోలో జపాన్ వెదురు వేణువు షాకుహాచి. టైటానిక్‌లో మాటల్లేని ఆ ఆడ గొంతు నార్వే గాయని సిసెల్‌ది, కింద స్ట్రింగ్స్ నెమ్మదిగా పెరుగుతూ ఉంటాయి, తొందరే ఉండదు మనిషికి. ఇది ఎవరి దగ్గరా ఎత్తినట్టు నాకైతే అనిపించదు.

బ్యాక్‌బెంచ్ వయొలిన్: సరే బ్రేవ్‌హార్ట్ వింటా, కానీ విల్లోకి మార్కులు ఇవ్వను 😄