అబార్షన్ చర్చలో మధ్యస్థులు నిజంగా ఉన్నారా, సర్వేల్లోనే కనిపిస్తారా?

చిక్కడపల్లి చదువరి:
వచ్చే ఆదివారం బాగ్‌లింగంపల్లిలో మా స్టడీ సర్కిల్ కూర్చుంటోంది. అంశం రాజకీయ అతివాదం, ఉదాహరణకి అమెరికా అబార్షన్ గొడవ తీసుకున్నాం. గ్యాలప్ సంస్థ 2023లో అక్కడ చేసిన సర్వేలో 51 శాతం ‘కొన్ని పరిస్థితుల్లో ఉండాలి’ అన్నారు. ఎప్పుడైనా సరే అన్నది 34, అసలు వద్దన్నది 13. సగం మంది నడిమధ్యలో ఉంటే చట్టాలు మాత్రం ఈ చివరికో ఆ చివరికో ఎందుకు పోతున్నాయి? ఇంకోటి, పది నిమిషాల్లో రెండు గుంపులై అరుచుకోకుండా చర్చ ఎలా నడపాలి? వచ్చేది 20 మంది.

లెక్కల మాస్టారు:
ఆ 51ని ఒకే గుంపు అనుకోవడంలోనే ఉంది తిరకాసు. అత్యాచారం జరిగితే తప్ప వద్దనేవాళ్లూ, 20 వారాల దాకా ఆమె ఇష్టం అనేవాళ్లూ ఆ ఒక్క గంపలోనే ఉన్నారు. నెలలవారీగా అడిగితే అసలు బొమ్మ తేలుతుంది: మొదటి మూడు నెలల్లో ఉండాలన్నది 69 శాతం, తర్వాతి మూడింటికి 37, ఆఖరి మూడింటికి 22.

అందుకని మాటలు మొదలవకముందే చీటీలు పంచండి. అడ్డంగా 6, 12, 15, 20, 24 వారాలు. నిలువుగా తల్లి ప్రాణానికి ముప్పు, అత్యాచారం, పిండంలో తీవ్ర లోపం, డబ్బు ఇబ్బంది, కనడం ఇష్టం లేకపోవడం. మొత్తం 25 గళ్లు. సరే అంటే టిక్కు, వద్దంటే ఇంటూ, తేల్చుకోలేకపోతే ఖాళీ. పేరు రాయించొద్దు. చర్చ మొదలయ్యాక పంచితే దండగ, పక్కవాళ్ల మొహం చూసి టిక్కు పెడతారు. తర్వాత బోర్డు మీద గడివారీగా కూడండి. 8 నుంచి 12 టిక్కులు పడ్డ గళ్ల మీదే మాట్లాడించండి. 18 పడ్డ గడి మీదా, 2 పడ్డ గడి మీదా గంటసేపు కొట్టుకుంటే ఏమొస్తుంది?

బోర్డు పైన ముందే రాయాల్సింది ఒకటుంది: వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. టెక్సాస్ 2021 చట్టం గీత గీసింది దాదాపు ఆరు వారాల దగ్గర. 28 రోజులకోసారి నెలసరి వచ్చే మనిషికి అది నెల తప్పాక రెండు వారాలే. ‘నెలన్నర టైం ఉందిగా’ అనే మనిషి ప్రతి గదిలో ఒకరు తగులుతారు.

బస్సు 113:
మీ మొదటి ప్రశ్నకి జవాబు ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ముందస్తు ఎన్నికలు. టికెట్ దక్కితే గెలిచినట్టే అనే సీట్లు మనకీ తెలుసు, కాకపోతే ఇక్కడ టికెట్ ఇచ్చేది పార్టీ పెద్దలు, అక్కడ ఓటర్లు. ప్రైమరీకి వచ్చేది తక్కువమంది, అందులో పట్టుదల ఉన్నవాళ్లే ఎక్కువ. అభ్యర్థికి ఎదుటి పార్టీ కన్నా సొంత పార్టీలో తనకంటే గట్టిగా అరిచేవాడంటేనే దడ. పైగా అబార్షన్ రాజ్యాంగ హక్కు అన్న అక్కడి సుప్రీంకోర్టు 1973 ‘రో’ తీర్పు అడ్డు ఉన్నన్నాళ్లూ ఎంత గట్టి మాటన్నా అమలయ్యే భయం లేదు. 2022 జూన్ 24న అదే కోర్టు ‘డాబ్స్’ కేసులో రోని కొట్టేయడంతో ఆ అడ్డు పోయింది.

జనాన్ని నేరుగా అడిగితే కథ వేరు. రిపబ్లికన్ల కోట అయిన కాన్సాస్‌లో అదే ఏడు ఆగస్టులో రాష్ట్ర రాజ్యాంగం నుంచి అబార్షన్ రక్షణ తీసేద్దామా అంటే 59 శాతం వద్దన్నారు. ఫ్లోరిడాలో 2024లో హక్కు కావాలని 57 శాతం ఓటేసినా ఓడిపోయారు. అక్కడ 60 దాటాలి మరి.

హైకోర్టు గేటు:
మాస్టారు గారూ, చీటీలో ఇంకో ప్రశ్న చేర్చండి: తేల్చాల్సింది ఎవరు? మన 1971 అబార్షన్ చట్టం గొడవ లేకుండా గట్టెక్కిందంటే, నా ఉద్దేశంలో, నిర్ణయాన్ని డాక్టర్ చేతిలో పెట్టడం వల్లే. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 దాకా అత్యాచార బాధితులు, మైనర్ల లాంటి కొన్ని వర్గాలకి ఇద్దరు. ఆపైన పిండంలో తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు. ప్రాణం మీదికొస్తే మాత్రం వారాల గీత అడ్డురాదు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికాని వాళ్లకీ 24 వారాల దాకా వర్తిస్తుందంది. మరుసటి ఏడు అక్టోబర్‌లో 26 వారాలు దాటిన వివాహితకి కాదంది. అంటే ఇక్కడ అడిగితే ఇచ్చేసే హక్కు కాదు, ఎవరో సంతకం పెట్టాలి.

ఎవరో ఒకరు ‘ఆడపిల్లల్ని చంపేస్తారు’ అని లేస్తారు. లింగనిర్ధారణ నిషేధం 1994 నాటి వేరే చట్టం. రెంటినీ కలిపితే ఆ రోజుకి చర్చ అక్కడే ఆగిపోతుంది.

చిక్కడపల్లి చదువరి:
థాంక్స్ అండీ. 25 గళ్లంటే విసుక్కుంటారేమో, 15 వారాల వరస తీసేయనా?

లెక్కల మాస్టారు:
అది తప్ప ఏదైనా తీసేయండి. డాబ్స్ కేసు పుట్టిందే మిసిసిపీ పెట్టిన 15 వారాల గీత మీద.