మగవాళ్ల గర్భనిరోధక మాత్ర వస్తే, డాక్టరు చీటీ లేకుండా ఫార్మసిస్టులు ఇవ్వొచ్చా?

కౌంటరు_వెనక:
మగవాళ్లు వేసుకునే గర్భనిరోధక మాత్ర ఇంకా ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు. పరీక్షల్లో మాత్రం కొన్ని ఉన్నాయి. హార్మోన్లు లేని వైసీటీ-529 అనే మాత్రను 2023 చివర్లో మొదటిసారి మనుషులకు ఇచ్చి చూడటం మొదలుపెట్టారు. ఇలాంటిది రేపు అల్మారాలోకి వస్తే ఎవరు ఇవ్వాలి? నేను ఫార్మసిస్టునే. అయినా చెబుతున్నాను, మొదట్లో డాక్టరు చీటీ ఉండాల్సిందే. ఆడవాళ్ల మాత్ర ఒక రోజు మర్చిపోతే ఏం చేయాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. మగవాళ్ల మాత్ర అనేసరికి మనలో చాలామందికి టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) అన్న మాట తప్ప ఇంకేమీ తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడమే నా భయం.

వెన్నెల_వాన:
చీటీ ఉండాలన్న మాటకు నేను పూర్తిగా వ్యతిరేకం. అమెరికాలో ఆడవాళ్ల మాత్రకు అనుమతి వచ్చింది 1960లో. అప్పటినుంచి రోజూ గుర్తుపెట్టుకునే బాధ్యత, తలనొప్పి, వికారం అన్నీ ఆడవాళ్లవే. మగవాళ్లకు ఇప్పటికీ కండోమ్, వేసెక్టమీ తప్ప వేరే దారి లేదు. కండోమ్‌ను అందరూ మామూలుగా వాడే తీరులో వాడితే ఏడాదిలో 100 మందిలో దాదాపు 13 మందికి గర్భం వస్తుంది. జ్వరమొస్తేనే డాక్టరు దగ్గరికి వెళ్లని మగవాడు ఆరోగ్యంగా ఉండి దీనికోసం అపాయింట్‌మెంట్ తీసుకుంటాడా? చీటీ పెడితే మాత్ర వచ్చీ రానట్టే.

పాత_సీసా:
ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చీటీ సంగతి తర్వాత, అసలు వేసుకునేదెవరు? మగవాళ్లు రోజూ గుర్తుపెట్టుకోరు. వేసుకున్నామని చెప్పినా ఆడవాళ్లు నమ్మరు. ఆ మధ్య ఒక పరీక్ష జరిగితే సైడ్ ఎఫెక్టులు తట్టుకోలేక మగవాళ్లే వదిలేశారని చదివాను. అడిగితే ఇస్తాను కానీ నా అంతట నేను చెప్పను.

సూక్ష్మదర్శిని:
పాత_సీసా గారూ, మీరన్నది 2016లో ఫలితాలు వచ్చిన పరీక్ష. అది మాత్ర కాదండీ, ఎనిమిది వారాలకోసారి వేసే ఇంజెక్షన్. పాల్గొన్నది 320 మంది. మనోవేదన, డిప్రెషన్ లాంటివి కనిపించడంతో 2011లో ఇంజెక్షన్లు ఆపమన్నది బయటి భద్రతా కమిటీ. పాల్గొన్న మగవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా, ఇది దొరికితే వాడతామనే అన్నారు. నమ్మకం విషయానికొస్తే, స్కాట్లండ్, చైనా, దక్షిణాఫ్రికా మహిళలను అడిగిన సర్వే ఒకటి 2000లో వచ్చింది. భర్తను లేదా భాగస్వామిని ఈ విషయంలో నమ్మమని చెప్పింది దాదాపు 2 శాతం మందే. కౌంటరు దగ్గర మనం ముఖం చిట్లిస్తే, అడగాలనుకున్నవాడు పారాసెటమాల్ కొనుక్కుని వెళ్లిపోతాడు.

అలాగని చీటీ వద్దనే మాటతోనూ నేను ఏకీభవించను. 1970ల్లో చైనాలో పత్తిగింజల నుంచి తీసిన గాసిపాల్‌ను 8,000 మందికి పైగా మగవాళ్లకు ఇచ్చారు. వీర్యకణాలు తగ్గాయి. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి మందు ఆపినా సంతాన సామర్థ్యం తిరిగి రాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఇచ్చే మందు కాబట్టి ఎంత చిన్న హానైనా పెద్దదే.

కౌంటరు_వెనక:
అదే నేనూ అనేది. ఒక్క సందర్భం ఊహించండి. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఒకతను గొంతు తగ్గించి, "పోయిన వారం మొదలుపెట్టాను, ఇక కండోమ్ మానేయొచ్చా?" అంటాడు. ఆడవాళ్ల మాత్రకు వారం జాగ్రత్త చాలని మనకు అలవాటు. ఆ అలవాటుతో "మానేయొచ్చు" అన్నామా, ఇంట్లో గర్భం ఖాయం. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది. కొత్తవి ఆగినా పాతవి ఉంటాయి. కాబట్టి దాదాపు మూడు నెలలు వేరే జాగ్రత్త తప్పదు. మానేశాకా అంతే, వెంటనే పిల్లలు కావాలంటే కుదరదు. పరీక్షలో ఉన్న డీఎంఏయూ అనే హార్మోన్ మాత్రను తిండితోపాటు వేసుకోకపోతే ఒంటికి సరిగా పట్టదు. ఇవన్నీ చెప్పాలంటే పది నిమిషాలు కావాలి, పక్కకు పిలిచి మాట్లాడే చోటు కావాలి.

వెన్నెల_వాన:
పది నిమిషాలు డాక్టరు మాత్రం ఇస్తారా? మీరు రాసిందంతా ఒక్క రోజు శిక్షణలో నేర్చుకోగలిగేదే. జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లకు టెస్టోస్టెరాన్ వాడితే వీర్యకణాలు పడిపోతాయని ఇప్పుడు చెబుతున్నది ఎవరు? చాలాచోట్ల మీలాంటివాళ్లే కదా. సరే, మొదటిసారికి చీటీ ఒప్పుకుంటాను. మూడు నెలల తర్వాత?

పాత_సీసా:
ఆ సర్వే సంగతి నాకు కొత్త. నమ్మకం మాట వెనక్కి తీసుకుంటాను. మర్చిపోవడం గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఇంజెక్షనో, భుజానికి రాసుకునే జెల్లో నయమనిపిస్తోంది.

కౌంటరు_వెనక:
వెన్నెల_వాన గారూ, మూడు నెలల తర్వాత వీర్యపరీక్ష రిపోర్టు తెస్తే, అందులో వీర్యకణాలు మిల్లీలీటరుకు 10 లక్షల కంటే తక్కువ ఉంటే, ఆ తర్వాతి డబ్బాలు నేనే ఇస్తాను, మళ్లీ చీటీ అడగను. రిపోర్టు లేకుండా అడిగితే మాత్రం ఇవ్వను.