24 గంటల మూత్ర నమూనా: యాసిడ్ ముందే వేయాలా, ల్యాబ్‌కు వచ్చాకా?

కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవారిపై అధ్యయనం చేస్తున్నాం. ఇందుకు రోగి 24 గంటల మూత్రాన్ని ఇంట్లోనే ఒక క్యాన్‌లో సేకరిస్తారు. చిక్కంతా అందులో కలిపే యాసిడ్ దగ్గరే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ క్యాన్‌లో ముందే వేస్తే కాల్షియం, ఆక్సలేట్ (ఈ రెండూ కలిసే ఎక్కువ రాళ్లు ఏర్పడతాయి) కరిగి ఉంటాయి. కానీ యూరిక్ యాసిడ్ స్ఫటికాలై అడుగుకు చేరుతుంది, పీహెచ్ (మూత్రం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే) కొలత ఇక పనికిరాదు. పైగా రోగి ఇంట్లో యాసిడ్ ఉంచడం మాకు ఇష్టం లేదు. వేయకపోతేనేమో విటమిన్ సి ఆక్సలేట్‌గా మారి ఫలితం ఎక్కువ చూపించవచ్చు.

అందుకే నమూనాను చల్లగా ఉంచి తెప్పించి, పీహెచ్ చూసి, 37 డిగ్రీలకు వేడిచేసి బాగా కలిపాక రెండు భాగాలు చేద్దామనుకుంటున్నాం: కాల్షియం, ఆక్సలేట్ కోసం ఒకదాని పీహెచ్ 2 కంటే తక్కువకు, యూరిక్ యాసిడ్ కోసం రెండోదాన్ని 8 పైకి. ఇలా చేసినవారు యాసిడ్ కలిపాక పరీక్షకు ముందు ఎంతసేపు ఆగారు? సేకరణ పూర్తిగా జరిగిందో లేదో చూడటానికి క్రియాటినిన్ (కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే వ్యర్థం) లెక్క (రోజుకు కిలో బరువుకు మగవారిలో 20–25, ఆడవారిలో 15–20 మిల్లీగ్రాములు) వాడుతున్నాం. స్థూలకాయుల్లో ఇది తప్పుదోవ పట్టిస్తుంది కదా, వారికి ఏ బరువు తీసుకున్నారు?