మియసాకా పెరోవ్‌స్కైట్ పేపర్: 3.8 శాతానికే ఇంత పేరెందుకు?

రమ్య_ఎమ్మెస్సీ:
నమస్కారం అండి. వచ్చే వారం మా డిపార్ట్‌మెంట్‌లో నా సెమినార్. టాపిక్ జపాన్ శాస్త్రవేత్త సుతోము మియసాకా, పెరోవ్‌స్కైట్ (ఒక రకం స్ఫటిక పదార్థం) సోలార్ సెల్స్. ఆయన 2009 నాటి పేపర్ చదివాను. సామర్థ్యం 3.8 శాతమే, పైగా లోపల ద్రవ ఎలక్ట్రోలైట్ వల్ల సెల్ నిమిషాల్లో పాడైపోయేదట. అప్పటికే సిలికాన్ 25 శాతం దగ్గరుంది. మరి ఈ పేపర్‌కి ఇంత పేరెలా వచ్చింది? వేల సైటేషన్లు ఉన్నాయని చెప్పి ఊరుకుంటే మా మేడమ్ ఒప్పుకోరు, "ఆయన వల్ల ఏం మారింది?" అని నిలదీస్తారు. టెన్షన్‌గా ఉంది.

హాట్‌ప్లేట్_100:
రమ్య గారూ, నా పీహెచ్‌డీ అంతా ఈ పదార్థం మీదే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మియసాకా ఇరవై ఏళ్లు ఫ్యూజీ ఫిల్మ్‌లో పనిచేసి, 2001లో యోకొహామాలోని తోయిన్ యూనివర్సిటీకి వచ్చారు. అక్కడ చేస్తున్నది డై సెన్సిటైజ్డ్ సెల్స్, అంటే డై (రంగు పదార్థం) వెలుతురుని పీల్చి ఎలక్ట్రాన్లను టైటానియం డయాక్సైడ్‌లోకి పంపే సెల్స్. పెరోవ్‌స్కైట్‌తో చేసి చూద్దామన్న పట్టుదల బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన అకిహిరో కోజిమా అనే విద్యార్థిది. పేపర్‌లో మొదటి పేరు అతనిదే, స్లైడ్ మీద తప్పకుండా పెట్టండి. టైటానియం డయాక్సైడ్ మీద డై బదులు మిథైల్ అమ్మోనియం లెడ్ అయోడైడ్ అనే పెరోవ్‌స్కైట్ వేశారు, అంతే. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2011లో కొరియాలో నామ్-గ్యు పార్క్ బృందం 6.5 శాతం తెచ్చింది. కానీ ద్రవం ద్రవమే, సెల్ నిలవలేదు.

2012లో కథ మారింది. ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ స్నెయిత్ దగ్గరున్న మైకేల్ లీ యోకొహామా వెళ్లి తయారీ నేర్చుకుని వచ్చాడు. ద్రవం తీసేసి స్పైరో అనే ఘన సేంద్రియ పదార్థం పెట్టారు. తర్వాత టైటానియం డయాక్సైడ్ బదులు అల్యూమినా వేసి చూశారు. మీ మేడమ్‌కి చెప్పాల్సింది ఇక్కడుంది. అల్యూమినా ఇన్సులేటర్, ఎలక్ట్రాన్లు అందులోకి పోలేవు. డై సెల్ లెక్కన అయితే కరెంటు ఆగిపోవాలి. ఆగలేదు, వోల్టేజీ ఇంకా పెరిగింది, సామర్థ్యం 10.9 శాతానికి చేరింది. అంటే ఎలక్ట్రాన్లను మోస్తున్నది పెరోవ్‌స్కైటే. అప్పటిదాకా దాన్ని డైలా చూశారు, ఆ రోజు నుంచి అది సొంతంగా పనిచేసే సెమీకండక్టర్. ఈ ఫలితం వచ్చిన 2012 పేపర్‌లో మియసాకా పేరు కూడా ఉంది. ఆయన తన పద్ధతిని దాచుకోలేదు, వేరే ల్యాబ్ వాళ్లకు నేర్పించారు. నా దృష్టిలో సైటేషన్ల కంటే పెద్ద విషయం అదే.

ఇంకోటి. దీన్ని తయారుచెయ్యడం ఎంత సులువో చూస్తేగానీ నమ్మరు. స్పిన్ కోటర్ మీద పెరోవ్‌స్కైట్ ద్రావణం పోసిన గాజు పలక గిర్రున తిరుగుతుంటే, సరైన క్షణంలో టోలుయీన్ చుక్కలు వెయ్యాలి (ఇది 2014లో కొరియాలో సియోక్ బృందం చెప్పిన కిటుకు). ఒక్క క్షణం అటూ ఇటూ అయితే ఫిల్మ్ మసకబారుతుంది. 100 డిగ్రీల హాట్ ప్లేట్ మీద పెట్టగానే పసుపు ఛాయ పోయి గోధుమ రంగు, ఆ తర్వాత అద్దంలా మెరిసే నలుపు వస్తుంది. మందం అర మైక్రాన్. సిలికాన్ కరగాలంటే 1400 డిగ్రీలు దాటాలి. అందుకే మామూలు ల్యాబ్‌లు కూడా ఇందులోకి దిగగలిగాయి.

సోలార్_రాజు_అనంతపురం:
ఇంటి పైకప్పుల మీద ప్యానెళ్లు బిగించే పని మాది. కస్టమర్ అడిగేది ఒక్కటే, ఎన్నేళ్లు వస్తుందని. సిలికాన్‌కి 25 ఏళ్ల వారంటీ ఉంది. మా మే నెల ఎండకి ఇది తట్టుకుంటుందా? సీసం కూడా ఉందంటున్నారు, ప్యానెల్ పగిలితే వాన నీళ్లలో కలవదా?

హాట్‌ప్లేట్_100:
రాజు అన్నా, భయం న్యాయమైనదే. తేమ తగిలితే ఆ నల్ల ఫిల్మ్ మళ్లీ పసుపుకి తిరుగుతుంది. ఆ పసుపు లెడ్ అయోడైడ్, నీళ్లలో కొంత కరుగుతుంది. అందుకే రెండు గాజుల మధ్య గట్టిగా సీల్ చెయ్యాలి. వేడికి ముందు పోయేది మిథైల్ అమ్మోనియం, దాని బదులు ఇప్పుడు ఫార్మమిడీనియం, సీసియం వాడుతున్నారు. స్నెయిత్ 2010లో పెట్టిన ఆక్స్‌ఫర్డ్ పీవీ కంపెనీ, సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ వేసిన 24.5 శాతం ప్యానెళ్లను 2024లో అమెరికాకి పంపింది. అలాంటి జోడీ సెల్స్ ల్యాబ్‌లో 34 శాతం దాటాయి, సిలికాన్ ఒక్కదానికి సిద్ధాంతపరంగా 29.4 కంటే రాదు. కానీ పాతికేళ్లు ఎండలో నిలిచిన పెరోవ్‌స్కైట్ ప్యానెల్ ఎక్కడా లేదు. మీ కస్టమర్‌కి ఈరోజు సిలికానే వెయ్యండి.

రమ్య_ఎమ్మెస్సీ:
చాలా థాంక్స్ అండి! మా టైటిల్‌లో ఆర్గానిక్ సోలార్ సెల్స్ కూడా ఉంది. దీనికీ వాటికీ సంబంధం ఉందా?

హాట్‌ప్లేట్_100:
ఉంది, గట్టిదే. ఆర్గానిక్ వైపు మొదలు 1986లో కోడక్ శాస్త్రవేత్త చింగ్ టాంగ్ చేసిన రెండు పొరల సెల్, దాదాపు 1 శాతం. ఆ రంగం వాళ్లు ఏళ్ల తరబడి వాడిన సీ60, పీసీబీఎం (బంతి ఆకారంలో ఉండే కార్బన్ అణువులు) ఇప్పుడు పెరోవ్‌స్కైట్ సెల్‌లో ఎలక్ట్రాన్లను బయటికి లాగే పొరలయ్యాయి. స్పైరో కూడా సేంద్రియ పదార్థమేగా. టాంగ్‌కి ఒక స్లైడ్ కేటాయించండి.

2009 పేపర్ మళ్లీ తెరిచి, అయోడైడ్ బదులు బ్రోమైడ్ వేసిన సెల్ వోల్టేజీ చూడండి, 0.96 వోల్టులు. అందరూ 3.8 చూసి వదిలేశారు గానీ, ఈ పదార్థంలో సత్తా ఉందని ఆ అంకె అప్పుడే చెప్పింది. మేడమ్ నిలదీస్తే అది చూపించండి.