అపరిచితుల ఆదరణను నమ్ముకుని సైకిల్ యాత్రకు బయలుదేరవచ్చా?

తొలిప్రయాణం

మేము నలుగురు స్నేహితులం. కొన్ని వారాల పాటు సాగే సైకిల్ యాత్రకు సిద్ధమవుతూ సామాను దగ్గర చిక్కుపడ్డాం. డేరాలు, స్టవ్వు ఇంట్లోనే వదిలేద్దామని ఇద్దరు అంటున్నారు. దూరాలు తొక్కి వచ్చినవారిలో ఎవరిని కదిపినా, దారిలో ఆదరించిన ముక్కూమొహం తెలియని మనుషుల గురించే ముందు చెబుతారు. కాబట్టి మనకూ ఎవరో ఒకరు దొరకకపోరని వారి ధీమా. ఇంకో స్నేహితురాలికీ నాకూ ఇది మింగుడుపడటం లేదు. ఎదుటివారి మంచితనాన్ని ముందే లెక్కలో వేసుకోవడం న్యాయమేనా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

మైలురాయి

వదిలేయండి. బరువు తగ్గుతుందని మాత్రమే కాదు. సర్వం సంచుల్లో నింపుకున్నవారు పొద్దువాలగానే ఎక్కడో డేరా వేసుకుని తమలో తామే కబుర్లు చెప్పుకుంటారు. స్నేహితుల బృందమైతే ఇది మరీ ఎక్కువ. అంత దూరం తొక్కినా కొత్త మనిషి ఒక్కరూ పరిచయం కారు. సైకిల్‌పై భూమిని తొలిసారి చుట్టిన థామస్ స్టీవెన్స్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరినప్పుడు చిన్న సంచిలో మేజోళ్లు, మార్చుకోవడానికి ఒక చొక్కా పెట్టుకున్నాడు. 1886 చివర్లో జపాన్‌లోని యొకొహామా చేరాడు.

అడగడానికి మొహమాటమా? ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాలు చూడండి. కొత్తవారిని చిన్న సాయం అడగడానికి కొందరిని పంపుతూ, ఎంతమందిని అడిగితే పని అవుతుందో ముందుగా ఊహించమన్నారు. ఊహించినదానికంటే బాగా తక్కువ మందిని అడిగేసరికే పని అయిపోయింది. మనుషులు మనం అనుకునేంత కఠినులు కారు.

రాత్రిమజిలీ

మైలురాయి గారూ, స్టీవెన్స్ సంచిలోంచి రెండు వస్తువులు మీరు తీసేశారు. ఒక వానకోటు, ఒక చిన్న తుపాకీ. ఆ వానకోటునే ఆయన డేరాగానూ పక్కగానూ వాడుకున్నాడు. అంటే ఎంత తేలిగ్గా బయలుదేరినా తల దాచుకునే ఏర్పాటు ఆయన వెంటే ఉంది.

ప్రయోగాల సంగతి కూడా సగమే చెప్పారు. మొహం మీద కాదనడం ఎంత కష్టమో అడిగేవారికి తట్టదని, అందుకే వారి అంచనా తప్పుతుందని ఆ పరిశోధకులే వివరించారు. కాబట్టి "సరే" అన్నవారందరూ సంతోషంగా అన్నారని అనుకోవద్దు. చీకటి పడ్డాక, తడిసి ముద్దయిన నలుగురు "మాకు డేరా కూడా లేదండీ" అంటూ గుమ్మంలో నిలబడితే ఆ ఇంటివారికి ఇంకో దారి ఉంటుందా?

రమ్మనేది ఒకరైతే శ్రమపడేది మరొకరు. ఒక ఇంట్లో పెద్దాయన మమ్మల్ని మనసారా ఆహ్వానించి, మా పటం పరుచుకుని రేపటి దారి వివరిస్తున్నారు. ఆయన వెనుక, తెరిచి ఉన్న తలుపులోంచి ఆయన భార్య కనిపిస్తూనే ఉన్నారు. నిద్రపోతున్న పిల్లలను ఒక్కొక్కరినీ భుజాన వేసుకుని పక్క గదిలోకి మార్చారు, వారు పడుకున్న పరుపు దులిపి మాకోసం కొత్త దుప్పటి వేశారు. ప్రేమగానే చేశారు. కానీ మేము ఉండవచ్చా అని ఆమెను ఎవరూ అడగలేదు. అంతకు ముందు ఆ ఇంటికి మేము ఎవరం?

ఆడవాళ్లు ఉన్న బృందానికి ఇంకో సంగతి. డేరా ఉంటే, మనసు ఒప్పని చోట "వద్దండీ, ముందుకు వెళ్తాం" అనగలరు. లేకపోతే ఆ మాట అనే వీలే ఉండదు.

వెనుకచక్రం

డేరా సంగతి మీరు తేల్చుకోండి. దారిలో నిజంగా సాయం అవసరమయ్యేది ఎక్కువగా సైకిల్‌కే. ఉక్కు ఫ్రేమ్ విరిగితే మామూలు వెల్డింగ్ తెలిసినవారు కూడా అతికించగలరు. అల్యూమినియానికి వేరే పరికరం, వేరే నేర్పు కావాలి. వెనుక చక్రంలో గేర్ల వైపు స్పోక్ విరిగితే సాధారణంగా క్యాసెట్, అంటే గేర్ల పళ్లచక్రాల గుత్తి, ఊడదీయాల్సిందే. దాని పనిముట్టు మీ దగ్గర లేకపోతే ఎంత మంచివారు ఎదురైనా చేయగలిగింది తక్కువ. ఒకతను తన కంప్రెసర్ గొట్టాన్ని మా ట్యూబుకు పట్టించాలని మోకాళ్ల మీద కూర్చుని ఎంత ప్రయత్నించినా గాలి పక్కకే పోయింది. మాది సన్నని ప్రెస్టా వాల్వు, ఆ గొట్టం కార్ల వాల్వుకు సరిపోయేది. స్నేహితుడి సంచిలోంచి వేలిగోరంత ఇత్తడి అడాప్టర్ బయటికి వచ్చాక అరనిమిషంలో పని పూర్తయింది. అతని మొహంలో మా అందరికంటే ఎక్కువ సంతోషం. నలుగురూ ఒకే రకం వాల్వు, ఒకే కొలత టైర్లు ఉన్న సైకిళ్లు తీసుకెళ్లండి.

మైలురాయి

ఆ ఇంటి ఇల్లాలి సంగతి నేను కాదనను. కానీ పెట్టాలని ఎదురుచూసే మనుషులూ ఉన్నారు. 1976లో అమెరికాను అడ్డంగా దాటే బైక్‌సెంటెనియల్ యాత్రలో వేలమంది పాల్గొన్నారు. ఆ దారిలో వర్జీనియాలోని ఆఫ్టన్ కొండ ఎక్కి అలసిపోయి వచ్చేవారికి జూన్ కర్రీ అనే ఆమె నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు, తర్వాత బిస్కెట్లు కూడా కాల్చి పెట్టారు. కొన్ని దశాబ్దాల పాటు అలా ఆదరించి 2012లో కన్నుమూశారు. సైకిల్ యాత్రికులకు ఇళ్లలో ఆతిథ్యమిచ్చే వార్మ్‌షవర్స్ బృందం 1993 నుంచి నడుస్తోంది. ఇవన్నీ మొహమాటంతో చేసినవేనా?

రాత్రిమజిలీ

కావు. వారు తలుపు తామే తెరిచి పెట్టారు, నేను చెప్పే తేడా అదే. వార్మ్‌షవర్స్‌లో వచ్చేవారు ముందే సందేశం పంపి ఎంతమందో చెబుతారు. కుదరకపోతే ఇంటివారు ఏ ఇబ్బందీ లేకుండా కాదనవచ్చు.

ఎదురుగాలి

నలుగురూ ఒకేసారి ఎవరి గుమ్మం ముందూ నిలబడకండి. ఇద్దరు వెళ్లండి, మిగిలినవారు కనబడేంత దూరంలో ఆగండి. పడుకోవడానికి చోటు అడగకండి. సీసాల్లో నీళ్లు పట్టుకోవచ్చా, దగ్గరలో డేరా వేసుకోవడానికి అనువైన స్థలం ఏది అని మాత్రం అడగండి. ఇంటివారికి నచ్చితే తామే లోపలికి పిలుస్తారు, నచ్చకపోతే స్థలం చూపించి ఊరుకుంటారు. పిలిస్తే మాత్రం బెట్టు చేయకండి. పదేపదే వద్దంటే వారూ చిన్నబుచ్చుకుంటారు. వెళ్లాక వంటపాత్రలు కడగడం దగ్గర్నుంచి అన్నింటిలో చెయ్యి కలపండి. తెల్లవారాక ఇంటివారి పనివేళకు ముందే బయలుదేరండి.

తొలిప్రయాణం

అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా స్నేహితులకు చదివి వినిపించాను. ఇద్దరేసి పట్టే డేరాలు రెండు తీసుకెళ్తున్నాం, స్టవ్వు ఒకటే. ఇంట్లో ఉండాలా ముందుకు సాగాలా అన్నచోట నలుగురిలో ఒక్కరు వద్దన్నా, కారణం అడగకుండా మిగతా ముగ్గురూ సైకిల్ ఎక్కాలని మాట ఇచ్చుకున్నాం. వెనుకచక్రం గారూ, మాలో ఇద్దరివి ప్రెస్టా వాల్వులు, ఇద్దరివి కార్ల వాల్వులు. చక్రాల రిమ్ములు మార్చాలా, అడాప్టర్లు సరిపోతాయా?